అమ్మ నుంచి వచ్చినా... అమ్మ తప్పు కాదు!

పిల్లలకు జబ్బు చేస్తే అందరూ ముందు వేలు చూపేది తల్లి వైపే. "మీ పుట్టింట్లో ఎవరికన్నా ఉందా?" అన్న ప్రశ్న కోడలికే ఎదురవుతుంది. మా తరిగొప్పులలో ఓ ఇల్లాలు నన్నిలాగే అడిగింది. "బిడ్డకు షుగరు, చెవుడు నా నుంచే వచ్చినయంటున్నరు. నేనేం జేసిన అక్కా?" ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను.

కొన్ని జబ్బులు తల్లి వైపు నుంచే వస్తాయి, నిజమే. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు మనకు అమ్మ అండం నుంచే అందుతాయి. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది. అందులో 16,569 అక్షరాలు, 37 జన్యువులు. ఆ జన్యువుల్లో 22 టీఆర్‌ఎన్‌ఏలవే.

ఏమిటీ టీఆర్‌ఎన్‌ఏ?

వంటింటినే తీసుకోండి. చీటీలో రాసిన వరుసలో దినుసులు అందించే మనుషులున్నారనుకుందాం. ఒక్కొక్కరు ఒక్కో దినుసే తెస్తారు. కణంలో ప్రొటీన్ తయారయ్యేటప్పుడు అమైనో ఆమ్లాలను అలా అందించేవే టీఆర్‌ఎన్‌ఏలు. చీటీని సరిగ్గా చదవాలంటే వీటిలో కొన్నింటికి కళ్లద్దాలు కావాలి. టీఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక దాని అక్షరాలకు కణం అతికించే చిన్న చిన్న రసాయన మార్పులే ఆ కళ్లద్దాలు!

అద్దాలు లేకపోతే?

మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 3243వ స్థానంలో 'ఎ' ఉండాల్సిన చోట 'జి' వస్తే, లూసిన్‌ను అందించే ఒక టీఆర్‌ఎన్‌ఏ దెబ్బతింటుంది. పక్షవాతం లాంటి లక్షణాలతో వచ్చే 'మెలాస్' జబ్బుకు ఇది కారణమని 1990లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. చెవుడుతో కలిసి వచ్చే ఒక రకం మధుమేహానికీ ఇదే మూలమని 1992లో తేలింది. ఈ టీఆర్‌ఎన్‌ఏకు టారిన్‌తో తయారయ్యే 'కళ్లద్దాలు' అమరడం లేదని ఆ తర్వాత బయటపడింది. దాంతో అది చీటీలో ఒక మాటను సరిగా చదవలేదు. ప్రొటీన్ల తయారీ కుంటుపడుతుంది, శక్తి తగ్గుతుంది. శక్తి ఎక్కువ కావాల్సిన మెదడు, కండరాలు, చెవి, ఇన్సులిన్ తయారుచేసే కణాలు ముందు ఇబ్బంది పడతాయి. మెలాస్ రోగుల్లో ఆ పక్షవాతం లాంటి దెబ్బలు మళ్లీ రాకుండా టారిన్‌నే మందుగా ఇవ్వడానికి 2019లో జపాన్ అనుమతించింది.

ఇందులో తల్లి తిన్నదీ లేదు, చేసిందీ లేదు. లోపమున్న మైటోకాండ్రియాలు ఒక్కో బిడ్డకు ఒక్కో పాళ్లలో చేరతాయి. అందుకే ఒకే కడుపున పుట్టినా ఒకరికి జబ్బు తీవ్రంగా, ఇంకొకరికి నామమాత్రంగా ఉండొచ్చు. కొడుకులకూ కూతుళ్లకూ ఇది రావచ్చు, కానీ తర్వాతి తరానికి వెళ్లేది కూతుళ్ల ద్వారానే.

మీరేం చేయాలి?

షుగరు ఉన్నవాళ్లంతా కంగారు పడనక్కర్లేదు. ఎక్కువమందిది ఈ రకం కాదు. అయితే అమ్మ, మేనమామ, అక్కచెల్లెళ్లు... ఇలా తల్లి వైపు వాళ్లలో షుగరూ చెవుడూ కలిసి కనిపిస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. రక్తం లేదా మూత్రంతో జన్యుపరీక్ష చేయించవచ్చు. ఈ రకం అని తేలితే కొన్ని షుగరు మందుల విషయంలో డాక్టర్లు జాగ్రత్త పడతారు. కాబట్టి మందులు మీ అంతట మీరు మార్చకండి, టారిన్ కొని వాడకండి. పరీక్షకు వెళ్లేటప్పుడు భర్తనూ అత్తగారినీ వెంట తీసుకెళ్లండి. డాక్టరు చెప్పేది వాళ్లూ వినాలి.