పట్టుచీర మీద ఆ జాకెట్టా!

పాపికొండలు చూద్దామని కార్తీకమాసంలో గండిపోశమ్మ దగ్గర లాంచీ ఎక్కాం. లైఫ్ జాకెట్టు ఇవ్వగానే మా ఆడపడుచు మొహం ముడుచుకుంది. "పట్టుచీర మీద ఇదేమిటి వదినా, ఫొటోలు పాడైపోవూ!" అని పక్కన పడేసింది.

కచ్చులూరు రాగానే ఎవరో "ఇక్కడే" అన్నారు. లాంచీలో మాటలాగిపోయాయి. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదమీద ఉండగా, 70 మందికి పైగా ఎక్కిన పడవ మునిగింది అక్కడే. భోజనాలవేళ చాలామంది జాకెట్లు తీసేశారని బతికి బయటపడ్డవాళ్లు చెప్పగా పేపర్లో చదివాను. మా ఆడపడుచు మాట్లాడకుండా జాకెట్టు తొడుక్కుని, "ఈ పట్టీ బిగించు వదినా" అంది.

మీరూ వెళ్తుంటే ముందు వరద సంగతి కనుక్కోండి. టిక్కెట్టు కొనేటప్పుడే పిల్లల సైజు జాకెట్లున్నాయా అని అడగండి. పెద్దవాళ్లవి తొడిగితే నీళ్లలో తలమీంచి జారిపోతాయి. నూలుచీరో, పంజాబీ డ్రెస్సో హాయి. కొండలు కనబడగానే జనం ఒక పక్కకే ఎగబడతారు, లాంచీ ఒరుగుతుంది. మీరు లేవకండి. తిరిగొచ్చేటప్పుడు ఆ కొండలే మీ వైపుకొస్తాయి!

ఫొటోలంటారా? పేరంటపల్లిలో ఒడ్డున దిగాక, పట్టుచీరతో బోలెడు తీయించుకుంది.