అమ్మమ్మ బొంత, ఆకుల నీలిముద్ర

మా యింటి పాత భోషాణములో మా అమ్మమ్మ కుట్టిన బొంత యొకటి నేటికిని గలదు. అడుగున తాతగారి పంచె, పైన తన నేతచీరల ముక్కలు, నడుమ చిరిగిన దుప్పటి పొరలు పరచి, దబ్బనమునకు తెల్లదారమెక్కించి బారులు బారులుగా కుట్టిన యా బొంతను శీతకాలమున మాకు కప్పుచు, దానిపై వ్రేలుంచి, "ఇదిగో నాయనా, ఈ గళ్ల ముక్క మీ పెద్దమ్మ పరికిణీది, ఈ పసుపుపచ్చది మీ మామయ్య ఉయ్యాల గుడ్డ" అని ఒక్కొక్క యతుకునకు ఒక్కొక్క చరిత్ర చెప్పుచుండెడిది. పొందికలేని రచనను అతుకుల బొంత యని మనము ఎగతాళి చేయుదుము గాని, యా మాట పుట్టించినవాడు మా అమ్మమ్మ బొంతను చూచి యుండడు.

ఇట్టి బొంతలను మెచ్చినవారును గలరు. 1971లో న్యూయార్కు నగరమందలి విట్నీ మ్యూజియమువారు పాత బొంతలను మంచములపై నుండి తెచ్చి, చిత్తరువులవలె గోడలకు వ్రేలాడగట్టి ప్రదర్శించిన పిమ్మట, కప్పుకొనుటకు గాక చూచుటకే బొంతలు కుట్టు కళ అమెరికాలో బలపడెను. ఒహాయో రాష్ట్రములోని ఏథెన్సు పట్టణమున, ఒకప్పుడు పశువుల కొట్టమైన భవనములో, 1979 నుండి అట్టి బొంతల ప్రదర్శనము జరుగుచున్నది. ఈ కళాకారులలో కొందరు తమ పెరటి మొక్కల ఛాయాచిత్రములను కంప్యూటరుపై మార్చి, గుడ్డపై అచ్చొత్తి, తల్లి చేతి తువ్వాలో, చిన్ననాటి గౌను ముక్కయో దానికి జతచేసి కుట్టుదురు. రంగు చిమ్ము ప్రింటరులో గుడ్డను దూర్చి అచ్చుతీయుట యిప్పటి సులభమార్గము. నాకు రుచించిన మార్గము మాత్రము దానికంటె చాల పాతది, దానికి విద్యుత్తుతో పని లేదు, ఎండ చాలును.

ఆ నీలిముద్ర పద్ధతిని కనిపెట్టినవాడు ఆంగ్ల ఖగోళశాస్త్రజ్ఞుడు జాన్ హెర్షెల్, సంవత్సరము 1842. ఆ మరుసటి యేడే దానిని మొక్కలకు వర్తింపజేసినది అన్నా ఆట్కిన్స్. పురిటి యనారోగ్యముతో తల్లి మరణింపగా తండ్రి చేతులలోనే పెరిగి, ఆయన అనువదించిన గవ్వల గ్రంథమునకు స్వయముగా బొమ్మలు గీసిన యీమె చేయి తిరిగిన చిత్రకారిణియే యైనను, సముద్రపు నాచుల సన్నని నూలుపోగువంటి రూపములను కుంచెతో యథాతథముగ దించుట అసాధ్యమని గ్రహించి, నాచునే తెచ్చి మందు పూసిన కాగితముపై పరచి ఎండలో నుంచెను. 1843 నుండి పదేండ్లపాటు భాగములు భాగములుగా వెలువడిన యామె నాచుల సంపుటము ఛాయాచిత్రములతో కూడిన మొట్టమొదటి గ్రంథమని పేరొందినది. 1852లో తండ్రి గతించగా, ఆమెను ఓదార్చుటకై వచ్చిన బాల్యమిత్రురాలు ఆన్ డిక్సన్‌తో గూడి ఆమె ఫెర్ను మొక్కలను ముద్రింప మొదలిడెను. మొక్కయు, దుఃఖమును, నీలిరంగును ఒక్క కాగితముపై కలియుట అపుడే జరిగినది.

ఇందలి రసాయనము తేటయైనది. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేటు 25 గ్రాములు నూరు మిల్లీలీటర్ల నీటిలోను, పొటాషియం ఫెర్రిసయనైడు 10 గ్రాములు మరియొక నూరు మిల్లీలీటర్లలోను వేరువేరుగ కరిగించి, పూయబోవు ముందు మసక వెలుతురులో సమపాళ్లుగ కలుపవలెను. ఉతికి గంజి వదల్చిన నూలుగుడ్డ దీనిని చక్కగా పీల్చుకొనును; పాలియెస్టరు పీల్చదు. ఆరిన గుడ్డ పసుపుపచ్చగానుండును. దానిపై ఆకునుంచి, అద్దముతో అదిమి ఎండలో పెట్టినచో, అతినీలలోహిత కిరణములు సోకినచోట సిట్రేటు తన యెలక్ట్రానులను ఇనుమున కిచ్చును. ఆ విధముగా మారిన ఇనుము ఫెర్రిసయనైడుతో కలిసి, నీట కరగని నీలవర్ణమై, దారపు పోగుల నడుమనే చిక్కుకొనిపోవును. ఆకు క్రిందనున్న మందు మారదు గనుక నీళ్లలో జాడించినపుడు కొట్టుకొనిపోయి, తెల్లని ఆకు మిగులును. ఆకు గుడ్డను హత్తుకొన్నచోట అంచు కత్తితో కోసినట్లుండును, వంగి పైకి లేచినచోట మసకబారును. సూర్యుడు చుక్క కాక అర డిగ్రీ వెడల్పుగల బింబ మగుటయే యందులకు కారణము.

ఛాయాచిత్రమునే ముద్రింపదలచినవారు కంప్యూటరుపై దాని వెలుగునీడలను తారుమారు చేసి, పారదర్శకమగు ఫిలిముపై అచ్చుతీసి, ఆకునకు బదులు దానిని గుడ్డపై పరచుదురు. మందారపూవులో పావుభాగమును తిప్పి తిప్పి నాలుగుమార్లు చేర్చినచో సంక్రాంతి ముగ్గువంటి చిత్రమగును. చూచుటకు బాగుండును; అయినను ఐదారు మార్పులైన పిమ్మట అది మందారమో, గోడ కాగితపు పువ్వో తెలియని స్థితి వచ్చుట నే నెరుగుదును. పురుగు తిన్న చిల్లి, వాడిన కొస, ఇవి పోయినపుడు ఆ మొక్క మన పెరటిది కాకపోవును.

నా మొదటి ప్రయత్నము నవ్వు పుట్టించునది. అమ్మమ్మ పెరటిలోని మునగరెమ్మను తాతగారి పంచె ముక్కపై ముద్రించి, నీలమింకను తేటపడునను ఆశతో చాకలిసోడా వేసి ఉతికితిని. నీలము కళ్లయెదుటనే కరగి, గుడ్డపై తుప్పురంగు మరక మిగిలినది. క్షారము తగిలినచో నీలవర్ణము విడిపోయి ఉత్త ఇనుప హైడ్రాక్సైడు మాత్రము నిలుచునని నేను పుస్తకములో చదివిన సంగతియే, గుడ్డపై చూచిన పిమ్మట గాని గుర్తుకు రాలేదు. విసుగుతో దానిని కరక్కాయ కషాయములో ముంచితిని. కరక్కాయలోని టానిన్లు ఆ యినుముతో కలిసి, మునగరెమ్మ చుట్టు తుప్పురంగంతయు నల్లబడినది! శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన యినుమును బెల్లపునీట పులియబెట్టి, కరక్కాయ పట్టించిన గుడ్డపై దానితో నల్లగీతలు గీయుట యీ సూత్రము చొప్పుననే. నేను చెడగొట్టి తెలిసికొన్న దానిని వారు తరతరములుగా కావలెనని చేయుచున్నారు.

ముద్రించిన ముక్కలను, నడుమ దూదిపొరను, అడుగుగుడ్డను కలిపి కుట్టునపుడు ఆకు ఈనెల వెంబడియే సూదిని నడపవలెను. కుట్టు పడినచోట గుడ్డ లోనికి దిగి, కుట్టునకు కుట్టునకు నడుమ దూది ఉబ్బును. ప్రక్కనుండి వెలుతురు పడినపుడు ఆ గాడిలో నీడ చేరి, చదునైన ముద్ర ముట్టుకొనదగిన ఆకగును. నా నల్లమునగను, అమ్మమ్మ చీర అంచును చేర్చి కుట్టిన చిన్న బొంత భోషాణములో పాతదాని ప్రక్కనే యున్నది. నీలిముద్ర వేసినవారు దానిని సోడాకును బ్లీచింగుకును దూరముగ నుంచుడు. గోడపై ఎండకు వెలిసినచో దిగులుపడక, కొన్నాళ్లు చీకటి పెట్టెలో మడిచి యుంచుడు. గాలిలోని ఆమ్లజని సోకి, పోయిన నీలము చాలవరకు తిరిగివచ్చును.