ఆట మధ్యలోనే ఎందుకు ఆరిపోతుంది?

మాధవరం నుంచి ఒక పాఠకుడు రెండు ప్రశ్నలు పంపారు. ఆదోనిలో డిగ్రీ చదువుతున్న కొడుక్కి గేమింగ్ కంప్యూటర్ కావాలట. అన్నీ బిగించి పెట్టెలో పంపే ప్రీబిల్ట్ ఒకటి తక్కువ ధరలో కనబడింది. కొనొచ్చా, లేక దుకాణంలో అసెంబుల్ చేయించుకోవాలా అన్నది మొదటి ప్రశ్న. రెండోది ఇది: ఎమ్మిగనూరులో వాళ్ల బంధువుల ఇంట్లో అలాంటి కంప్యూటరే ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు, ఆట ఆడుతుంటే రీస్టార్ట్ అవుతుంది. పాఠాలు వింటున్నప్పుడు మాత్రం ఏమీ కాదు. అదే కంప్యూటర్, అదే ఇన్వర్టర్. ఈ తేడా ఎందుకు?

మొదటి ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడిగేదే. రెండోది చదివాక మాత్రం కాగితం, పెన్ను తీసి లెక్క వేయకుండా ఉండలేకపోయాను. పైగా మొదటిదానికి జవాబు కూడా రెండోదాంట్లోనే దొరికింది.

ముందు మామూలు సంగతులు చకచకా చెప్పేస్తాను. గేమింగ్ పీసీ ధరలో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుది. తర్వాత ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, సికింద్రాబాద్ సీటీసీకో వెళ్లి విడిభాగాలు కొంటే చవక అన్నది మనకు తెలిసిన పాత సూత్రం. ఇప్పుడు దాన్ని గుడ్డిగా నమ్మలేం. ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లను ఎగరేసుకుపోతుండటంతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మామూలు వినియోగదారులకు ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మే క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ కంపెనీ 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. ముందే ర్యామ్ నిల్వ చేసుకున్న ప్రీబిల్ట్ కంపెనీ ఇప్పుడు మీకంటే చవకగా కంప్యూటర్ కట్టగలదు. 16 జీబీ ర్యామ్‌ను ఒకే స్టిక్‌గా పెట్టారా, రెండు 8 జీబీ స్టిక్‌లు పెట్టారా అని మాత్రం చూడండి. డీడీఆర్4-3200 ఒక స్టిక్ సెకనుకు 25.6 జీబీ డేటా అందిస్తే, రెండు చానళ్లలో రెండు స్టిక్‌లు 51.2 అందిస్తాయి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో ఆటల వేగం మీద ఈ తేడా గట్టిగా కనబడుతుంది.

ఇక అసలు విషయం. ప్రీబిల్ట్ జాబితాను పైనుంచి చదువుతూ రండి. ప్రాసెసర్‌కు పేరు, మోడల్ నంబరు ఉంటాయి. గ్రాఫిక్స్ కార్డుకూ ఉంటాయి. అట్టడుగు లైనులో మాత్రం ‘450 వాట్ల పవర్ సప్లై’ అని ఉంటుంది. ఎవరు చేశారో ఉండదు. మన దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే డబ్బా అదే. కంపెనీ ఎక్కడ మిగుల్చుకుందో తెలుసుకోవాలంటే ముందు ఆ లైను చూడాలి.

గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టుల ఏసీ. కంప్యూటర్‌కు కావాల్సింది ప్రధానంగా 12 వోల్టుల డీసీ. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. ఇంట్లో పాత స్టెబిలైజర్ ఉంటే ఒకసారి ఎత్తి చూడండి, చేతులు గుంజుతాయి. 50 హెర్ట్జ్ కరెంటుతో పనిచేసే ట్రాన్స్‌ఫార్మర్ అంత బరువుంటుంది. అయినా, అంతకంటే ఎక్కువ శక్తి నడిపే ఎస్‌ఎంపీఎస్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ గుప్పిట్లో ఇమిడిపోతుంది. కారణం చాలా అందమైనది. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఒక్కో విడతలో మోయగల అయస్కాంత ప్రవాహానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే కోర్ సంతృప్తమైపోతుంది, తీగచుట్ట కాలిపోతుంది. సెకనుకు 50 విడతలే అంటే ఒక్కో విడతలో చాలా మోయాలి, కాబట్టి కోర్ లావుగా ఉండాలి. చిన్న బిందెతోనైనా వేల సార్లు తిరిగితే తొట్టి నిండినట్టే, విడతలు పెంచితే చిన్న కోర్ చాలు. ఎస్‌ఎంపీఎస్ చేసేది అదే. ఏసీని ముందు డీసీగా మారుస్తుంది, ఆ డీసీని ట్రాన్సిస్టర్లతో సెకనుకు వేలసార్లు, చాలా డబ్బాల్లో లక్షకు అటూ ఇటూగా, తెంచి కలుపుతుంది. ఇనుప రేకుల కోర్ ఆ వేగానికి వేడెక్కిపోతుంది కాబట్టి ఫెరైట్ కోర్ వాడతారు. బయటికొచ్చే 12 వోల్టులు కాస్త తగ్గితే ట్రాన్సిస్టర్ ఆన్‌లో ఉండే సమయాన్ని పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది.

దీన్ని ఎవరు కనిపెట్టారన్న విషయంలో పెద్దవాళ్లే పప్పులో కాలేశారు. 1977 నాటి ఆపిల్ 2 కంప్యూటర్‌కు రాడ్ హోల్ట్ అనే ఇంజనీరు ఇలాంటి పవర్ సప్లై తయారుచేశాడు. ఇప్పుడు ప్రతి కంప్యూటర్లో ఉన్నది హోల్ట్ డిజైన్‌కు కాపీయేనని స్టీవ్ జాబ్స్ చెప్పిన మాట, 2011లో వాల్టర్ ఐజాక్‌సన్ రాసిన జీవితచరిత్రలోకి ఎక్కింది. మరుసటి ఏడాదే కెన్ షిరిఫ్ అనే ఇంజనీరు పాత పేటెంట్లు, సర్క్యూట్ బొమ్మలు తిరగేసి ఆ మాటను నేలకు దించాడు. హెచ్‌పీ కంపెనీ 1972లో తెచ్చిన జేబు క్యాలిక్యులేటర్‌లోనే స్విచింగ్ సప్లై ఉంది. రాబర్ట్ బోషర్ట్ అనే ఆయన 1970లలో వీటి తయారీనే పెద్ద వ్యాపారంగా నడిపాడు. తర్వాతి కంప్యూటర్లలో చాలావాటి సర్క్యూట్ హోల్ట్‌ది కానే కాదు. హోల్ట్ పనిలో గొప్పతనం ఉంది, ఫ్యాన్ లేకుండా చల్లగా నడిచే డబ్బా చేశాడు. కానీ ఈ మార్పుకు అసలు కారణం, అధిక వోల్టేజిని తట్టుకుంటూ వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే ట్రాన్సిస్టర్లు ఆ కాలానికి చవకగా దొరకడం. ఘనతంతా ఒక్క మనిషి ఖాతాలో వేస్తే కథ బాగుంటుంది. చరిత్ర మాత్రం అలా నడవదు.

ఇప్పుడు ఎమ్మిగనూరు ప్రశ్నకు వద్దాం. ఏసీని డీసీగా మార్చిన వెంటనే ఎస్‌ఎంపీఎస్‌లో ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది, బొటనవేలంత లావున్న గొట్టం. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టర్ అందుకునేదాకా కంప్యూటర్ బతికేది ఆ గొట్టంలో దాచిన శక్తి మీదే. ఆ వ్యవధిని ఇంజనీర్లు హోల్డప్ టైమ్ అంటారు. ఇంటెల్ డిజైన్ గైడ్‌లు అడిగేది సుమారు 16, 17 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి ఆవర్తనానికి పట్టేదే 20 మిల్లీసెకన్లు. ఇంటి ఇన్వర్టర్ యూపీఎస్ మోడ్‌లో ఉంటే సుమారు 10 మిల్లీసెకన్లలో అందుకుంటుంది, మామూలు మోడ్‌లో 40 దాకా పట్టొచ్చు.

కెపాసిటర్‌లోని శక్తి దాని సామర్థ్యాన్ని బట్టి, వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ వర్గాన్ని గుర్తుంచుకోండి, అసలు కిటుకు అందులోనే ఉంది. చవక ఎస్‌ఎంపీఎస్‌లో 230 వోల్టుల ఏసీ నేరుగా సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. సాధారణంగా ఒక్కదాని బదులు 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్లు రెండింటిని సీరీస్‌లో పెడతారు, అంటే కలిపి 235. కెపాసిటర్ వోల్టేజి 230కి దిగేదాకా డబ్బా పనిచేస్తుందనుకుందాం. అప్పుడు వాడుకోదగిన శక్తి 6.2 జౌళ్లు.

ఆటలో కంప్యూటర్ గోడ నుంచి 300 వాట్లు లాగుతుంటే ఆ శక్తి 20 మిల్లీసెకన్లకు సరిపోతుంది. పాఠం వింటున్నప్పుడు లాగేది 60 వాట్లే అయితే అదే శక్తి 100 మిల్లీసెకన్లు వస్తుంది. ఇన్వర్టర్‌కు 40 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి. పాఠం వినేవాడికి కరెంటు పోయిన సంగతే తెలియదు. ఆట ఆడేవాడు మాత్రం గెలుస్తున్న చోట తెర నల్లబడటం చూస్తాడు. ఎమ్మిగనూరు చిక్కుముడి ఇంతే.

లో వోల్టేజిని కూడా లెక్కలోకి తెస్తే కథ ఇంకా ముదురుతుంది. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి అయిదారు రెట్ల కరెంటు లాగుతుంది. లైను చివర ఇల్లు ఉండి పక్కింటి బోరు మోటారు, వీధి చివర పిండిమర ఒకేసారి మొదలైతే లైటు ఒక్కసారిగా డిమ్ అవడం మనం చూసేదే. సాయంత్రం వోల్టేజి 180కి పడిందనుకుందాం. కెపాసిటర్ మీద 325 బదులు 254 వోల్టులే ఉంటాయి. వోల్టేజి తగ్గింది అయిదో వంతు చిల్లరే. కానీ వర్గం చేసి, 230 దగ్గర ఆగిపోయే భాగాన్ని తీసేస్తే మిగిలేది 1.4 జౌళ్లు. నాలుగో వంతు కూడా లేదు. ఆటలో ఇది 5 మిల్లీసెకన్లకైనా రాదు. అప్పుడు ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టినా లాభం లేదు.

దీనికి విరుగుడు ఉంది, పేరు యాక్టివ్ పీఎఫ్‌సీ. గోడ నుంచి 230 వచ్చినా 180 వచ్చినా దాన్ని పైకి లేపి కెపాసిటర్‌కు ఎప్పుడూ సుమారు 380 వోల్టులు అందించే అదనపు సర్క్యూట్ ఇది. అందులో 330 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉండి, 300 వోల్టుల దాకా దిగినా డబ్బా పనిచేస్తే, అందే శక్తి 9 జౌళ్లు. ఆటలో కూడా 30 మిల్లీసెకన్లు. మోటారు ఆన్ చేసినా ఆ లెక్క మారదు. ఇన్వర్టర్ మాత్రం సైన్ వేవ్‌ది కావాలి, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్‌తో ఇలాంటి డబ్బాల్లో కొన్ని పేచీ పెడతాయి.

ఇదంతా కొత్త కెపాసిటర్ మాట. దాని లోపలి ద్రవం వేడికి ఆరిపోతూ ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్ల మోటు లెక్క. గొట్టం మీద 105 డిగ్రీలు అని ఉండి 2,000 గంటల రకమైతే, లోపలి వేడి 65 డిగ్రీలున్నప్పుడు 32,000 గంటలు వస్తుంది. 85 డిగ్రీల చవక రకమైతే అదే వేడిలో 8,000 గంటలే. ఇక ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర నడవాల్సిన డబ్బా మన మే నెలలో 40 డిగ్రీల గదిలో నడిస్తే ఆయుష్షు మూడో వంతు దగ్గరకు పడిపోతుంది. పవర్ సప్లైల మీద గొప్పగా వేసుకునే 80 ప్లస్ ముద్ర 20, 50, 100 శాతం లోడ్‌ల దగ్గర కనీసం 80 శాతం సామర్థ్యం ఉందని చెబుతుంది. ఆ పరీక్ష జరిగేది 23 డిగ్రీల గదిలో! ఆదోని పత్తి యార్డు దగ్గర 23 డిగ్రీలు వేసవి తెల్లవారుజామున కూడా అరుదు. అది సామర్థ్యానికి ముద్ర, మన్నికకు కాదు.

కెపాసిటర్ విషయంలో పెద్ద కంపెనీలే బోల్తా పడ్డాయి. 2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్ల పాటు ప్రపంచమంతటా మదర్‌బోర్డుల మీద కెపాసిటర్లు పైన ఉబ్బి, పగిలి, గోధుమరంగు పాకం కార్చాయి. లోపలి ద్రవం తయారీ సూత్రాన్ని ఎవరో సగం సగంగా దొంగిలించారన్న కథ అప్పట్లో బాగా ప్రచారమైంది. కథ ఎలా ఉన్నా, ఆ ద్రవంలో అల్యూమినియం క్షయించకుండా ఆపే రసాయనాలు సరిగా లేవు. నీరు లోహంతో కలిసి వాయువు పుట్టి గొట్టం ఉబ్బింది. డెల్ కంపెనీ 2005లో ఇలాంటి కంప్యూటర్ల మరమ్మతుల కోసం 30 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. కొన్ని సెంట్ల భాగం చేసిన పని అది.

సరే, కొనాలా వద్దా? సైన్స్ వ్యాసాన్ని షాపింగ్ సలహాగా ముగించడం నాకు నచ్చని పని. అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎస్‌ఎంపీఎస్ తయారీదారు, మోడల్ పేరు జాబితాలో రాసి, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ప్రీబిల్ట్ మంచి ధరకు వస్తే మొహమాటం లేకుండా కొనండి. ర్యామ్ ధరలు ఇలా ఉన్నప్పుడు దుకాణం చుట్టూ తిరగడంలో మిగిలేది పెద్దగా ఉండదు. పేరు రాయకపోతే ఫోన్ చేసి, డబ్బా మీది స్టిక్కర్ ఫోటో పంపమని అడగండి. స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లను వదిలేసి, 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లో చూసి 12తో గుణించండి. 450 వాట్లని రాసి ఆ గడిలో 16 ఆంపియర్లే ఉంటే, మీకు 12 వోల్టుల మీద నిజంగా అందేది 192 వాట్లు. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 115 వాట్లు తింటుంది, ప్రాసెసర్, మిగతావి కలిస్తే ఆ డబ్బా ఊపిరి బిగబట్టి నడవాలి.

కొన్ని పెద్ద బ్రాండ్లు ఎస్‌ఎంపీఎస్ మంచిదే పెడతాయి కానీ దాని పిన్నులు, కొలతలు తమ సొంతవి పెట్టుకుంటాయి. రేపు అది పోతే ఆదోనిలో ఏ దుకాణంలోనూ దానికి సరిపోయేది దొరకదు. మామూలు ఏటీఎక్స్ కొలతేనా అని ముందే అడగండి. స్టిక్కర్ ఫోటో పంపనన్నవాడి దగ్గర మాత్రం కొనకండి. తప్పదనుకుంటే, మంచి ఎస్‌ఎంపీఎస్ ఖర్చు కూడా ఆ ధరకు కలుపుకొని అప్పుడు చవకో కాదో తేల్చుకోండి. చాలాసార్లు చవక అక్కడే ఎగిరిపోతుంది.