యొర్దానులో నీళ్లేవి?

మన ఆరాధనల్లో యొర్దాను పేరు వినబడినంతగా మరో నది పేరు వినబడదు. పాటల్లో, బాప్తిస్మపు ప్రసంగాల్లో, చివరికి సమాధుల తోటలో చెప్పే ఆదరణ మాటల్లోనూ యొర్దాను దాటడం గురించే చెప్పుకుంటాం. యెహోషువ కాలంలో కోతకాలమంతా గట్లు పొర్లి పారిన నది అది. అందుకే పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లిన తెలుగు విశ్వాసులు యెరికో దగ్గరి బాప్తిస్మ స్థలంలో నిలబడి ఒక్క క్షణం తెల్లబోతారు. ‘ఇదేనా అయ్యగారూ యొర్దాను?’ అంటారు. మన పంటకాలువ కన్నా సన్నగా, బురద రంగులో, అవతలి ఒడ్డున జోర్డాన్ దేశంలో నిలబడ్డవారి ముఖాలు కనబడేంత దగ్గరగా పారుతుందది. సీసాల్లో నీళ్లు పట్టుకుని ఇంటికి తెచ్చుకుంటారు గాని, మిగతా నీళ్లు ఏమయ్యాయని అడిగేవారు తక్కువ.

ఒకప్పుడు ఈ నది ఏటా దాదాపు 130 కోట్ల ఘనపు మీటర్ల నీటిని మృత సముద్రానికి చేర్చేది. మన లెక్కలో సుమారు 46 టీఎంసీలు. కృష్ణా జలాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 1976లో బచావత్ ట్రిబ్యునల్ కేటాయించిన 811 టీఎంసీల పక్కన పెట్టి చూస్తే ఇదెంత చిన్న నదో తెలుస్తుంది. దాని మీద ఆశపెట్టుకున్న దేశాలు మాత్రం ఎక్కువ. 1964 నాటికి ఇజ్రాయెల్ గలిలయ సముద్రపు నీటిని పైపుల్లో, కాలువల్లో దక్షిణాన ఎడారి ప్రాంతం దాకా తరలించుకుంది. యొర్దానుకు ముఖ్యమైన ఉపనది యార్ముక్. దాని మీద సిరియా డజన్లకొద్దీ ఆనకట్టలు కట్టుకుంది, అక్కడ మిగిలినదాన్ని జోర్డాన్ తన కాలువలోకి మళ్లించుకుంది. 1967 యుద్ధం తర్వాత పాలస్తీనీయులకు ఈ నది నీళ్లలో వాటా లేకుండా పోయింది. ఇందరూ తీసుకోగా దిగువ యొర్దానులో ఇప్పుడు పూర్వపు ప్రవాహంలో పదో వంతు కూడా మిగల్లేదు. ఆ కాస్తలోనూ పొలాల నుండి కారే మురుగు, గలిలయ ఒడ్డున దారి మళ్లించిన ఉప్పు ఊటల నీరు కలుస్తున్నాయి.

నది తగ్గితే సముద్రమూ తగ్గుతుంది. 1960లలో మృత సముద్రం మామూలు సముద్ర మట్టానికి దాదాపు 395 మీటర్ల దిగువన ఉండేది. ఇప్పుడది 430 మీటర్లు దాటి ఇంకా దిగిపోతోంది, ఏటా మీటరుకు పైగా. దక్షిణ భాగంలో ఇటు ఇజ్రాయెల్, అటు జోర్డాన్ పొటాష్ కోసం నీటిని మడుల్లో ఆవిరి చేస్తుండడం కూడా ఇందుకొక కారణం. ఉప్పునీరు వెనక్కి తగ్గిన చోట భూమి అడుగుకు మంచినీరు చేరి, అక్కడి ఉప్పు పొరల్ని కరిగిస్తోంది. పైన నేల ఒక్కసారిగా కుంగి గొయ్యి పడుతోంది. అలాంటి గోతులు వేలల్లో ఉన్నాయి. ఏన్గెదీ తీరంలో స్నానాల రేవు మూసేశారు, ఖర్జూరపు తోటను విడిచిపెట్టారు. మందిరం నుండి పారిన నది మృత సముద్రంలో కలిసి ఆ నీళ్లను బాగుచేయగా, ఇదే ఏన్గెదీ ఒడ్డున జాలరులు వలలు ఆరబెట్టుకుంటారని యెహెజ్కేలు దర్శనంలో చూశాడు. అదే ఒడ్డున ఇప్పుడు గోతులున్నాయి, జాగ్రత్త అనే బోర్డులు కనబడతాయి.

నీళ్ల తగాదా బైబిలుకు కొత్త కాదు. ఇస్సాకు తండ్రి తవ్వించిన బావుల్ని ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చారు. అతను మళ్లీ తవ్వితే గెరారు కాపరులు ఆ నీళ్లు మావేనన్నారు. ఒక బావికి ఏశెకు, రెండోదానికి శిత్నా అని, ఆ కలహాల పేర్లే పెట్టి ముందుకు కదిలాడు. మూడో బావి దగ్గర ఎవరూ పోట్లాడలేదు, దానికి రహెబోతు అని పేరు పెట్టాడు. ఇస్సాకు మెత్తనివాడని ఈ భాగాన్ని త్వరగా దాటిపోతుంటాం. కాని తవ్వడం తెలిసినవాడు అతనే, వదులుకోవడం తెలిసినవాడూ అతనే. బోరు బావిలో నీరు పడకపోతే పక్కవాడికన్నా మరో వంద అడుగులు లోతుకు దించే మన పల్లెల్లో ఆ రెండో విద్య తెలిసినవారు అరుదు.

మొదటి విద్యలో ఇజ్రాయెల్ వారిది పెద్ద చెయ్యే. హత్జెరీమ్ అనే సమష్టి గ్రామంలో 1965లో బిందుసేద్యం పరికరాల తయారీ మొదలైంది. ఆ పద్ధతే 2003 నవంబరులో మొదలైన ఆంధ్రప్రదేశ్ సూక్ష్మ సేద్య పథకం ద్వారా రాయలసీమ చీనీ తోటల్లోకి కూడా వచ్చింది. వాళ్లు మురుగునీటిలో 80 శాతానికి పైగా శుద్ధిచేసి మళ్లీ పొలాలకు వాడుతున్నారు. లోకంలో మనుషులు తీసుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతుంది గనుక ఇది చిన్న సంగతి కాదు. అయితే డ్రిప్పు పెట్టి మిగిల్చిన నీటితో మరో రెండెకరాలు సాగుచేస్తే భూమిలో మిగిలేది ఏమీ ఉండదు. పైపు పొదుపు చేస్తుంది గాని, ‘ఇక చాలు’ అనే మాట రైతే అనాలి.

మన మందిరాల సంగతి కూడా చూద్దాం. 200 చదరపు మీటర్ల పైకప్పు మీద ఏడాదిలో 500 మిల్లీమీటర్ల వాన కురిస్తే లక్ష లీటర్లు. అనంతపురంలాంటి కరువు జిల్లాలో కూడా అంత వాన దాదాపుగా పడుతుంది. కొంత ఆవిరైనా, ఆ నీరంతా గొట్టం గుండా వీధిలోకి పోవడమా, ఇంకుడు గుంతలోకి దిగడమా అన్నది సంఘపు కమిటీ ఒక్క సమావేశంలో తేల్చగలిగిన విషయం. గోపురానికి రంగులు ఏవి వేయాలన్నదానికి అంతకంటే ఎక్కువ సమావేశాలే జరుగుతుంటాయి!

యొర్దాను పొరుగుదేశాలు కూడా కొంత నేర్చుకున్నాయి. జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో చాలా ఇళ్లకు కుళాయి నీళ్లు వారానికొకసారే వస్తాయి. మేడమీద ట్యాంకు నిండిన రోజే బట్టలు ఉతుక్కుంటారు. 1994లో ఇజ్రాయెల్, జోర్డాన్ సంధి చేసుకున్నప్పుడు ఆ ఒప్పందంలో నీటికి ప్రత్యేకంగా ఒక అనుబంధమే రాసుకున్నారు. 2021లో మరో 5 కోట్ల ఘనపు మీటర్లు జోర్డాన్‌కు అమ్మడానికి ఇజ్రాయెల్ ఒప్పుకుంది. పాలస్తీనీయుల వాటా మాటకొస్తే, అది ఇంకా తేలలేదు. గలిలయ నుండి దిగువ నదికి కాస్త మంచినీటిని వదలడం 2013లో మొదలైంది. 2025లో మధ్యధరా సముద్రపు నీటిలో ఉప్పు తీసి, ఒక వాగు గుండా గలిలయ సముద్రంలోకి పంపడం ఆరంభించారు. అరవై ఏళ్లపాటు సరస్సు నుండి నీళ్లు తీసుకున్నవారు ఇప్పుడు సరస్సుకు నీళ్లు పోస్తున్నారు.