మంచు తొలగితే భయం పోయింది

కాఫీ హోటల్లో బల్ల మీద ఒక పాకెట్ రేడియో పడి ఉంది. బయటికి వెళ్లబోతున్న హ్యారీ మేసన్‌కి వెనక నుంచి అది గరగరమనడం వినిపించింది. స్టేషన్ దొరకనప్పుడు వచ్చే గరగరే, అంతకుమించి ఏం లేదు. వెనక్కి వచ్చి దాన్ని చూస్తుండగా కిటికీ అద్దం భళ్లున పగిలి, రెక్కలున్న జంతువేదో లోపలికి దూకింది.

కొనామీ కంపెనీ 1999లో ప్లేస్టేషన్ కోసం తెచ్చిన 'సైలెంట్ హిల్' వీడియో గేమ్‌లో మొదట్లోనే వచ్చే ఘట్టమిది. కారు ప్రమాదం తర్వాత కనిపించకుండా పోయిన ఏడేళ్ల కూతురి కోసం ఓ తండ్రి మంచు కమ్మిన చిన్న ఊళ్లో వెతుకుతుంటాడు. కథ అంతే. అమెరికా ఊరే గానీ కట్టింది టోక్యోలో. కెయిచిరో తొయామా దర్శకుడు, అకిరా యమవోకా సంగీతకర్త. ఆ ఊరు వాళ్లకు ఎక్కువగా పుస్తకాల్లోంచి వచ్చిందే కాబోలు, వీధులకు బ్రాడ్‌బరీ, బ్లాక్, మాథెసన్ అని రచయితల పేర్లు పెట్టారు.

హోటల్ దాటాక ఆ రేడియో హ్యారీ దగ్గరే ఉంటుంది. చుట్టుపక్కల ఏదైనా తిరుగుతుంటే గరగరమంటుంది. ఏదో ఉందని చెబుతుంది గానీ, అదేమిటో, ఏ మూల నుంచి వస్తోందో చెప్పదు.

ఈ గేమ్ ఆడేవాళ్లను పక్కన కూర్చుని గమనిస్తే తమాషాగా ఉంటుంది. జంతువు దూకినప్పుడు ఎగిరిపడతారు, వెంటనే నవ్వేస్తారు, పక్కవాడి భుజం మీద ఒకటి వేస్తారు. ఆ తర్వాత రేడియో గరగరమన్నప్పుడల్లా మాత్రం నవ్వు రాదు. భుజాలు బిగుసుకుంటాయి, ఊపిరి ఆగుతుంది, బటన్ మీద వేలు అలాగే ఉండిపోతుంది. సంక్రాంతి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అర్ధరాత్రి ఒక తలుపు ముందు రెండు నిమిషాలు నిలబడ్డాడు. "తీయరా" అంటే, "తీస్తా ఉండు మావయ్యా, మ్యాప్ చూస్తున్నా" అన్నాడు. మ్యాప్‌లో చూడ్డానికి ఏమీ లేదని ఇద్దరికీ తెలుసు.

మన భాషలో ఈ రెంటికీ విడివిడి మాటలున్నాయి. మొదటిది ఉలికిపాటు, రెండోది గుబులు. భయం అనే ఒక్క మాట కింద రెంటినీ కలిపేస్తే ఈ గేమ్ ఎందుకు పనిచేస్తుందో అర్థం కాదు.

ఉలికిపాటు నిజానికి మెదడు ఆలోచించి చేసే పనే కాదు. పెద్ద శబ్దం చెవిన పడగానే మెదడు కింది భాగమైన బ్రెయిన్‌స్టెమ్ నుంచి నేరుగా కండరాలకు ఆజ్ఞ వెళ్లిపోతుంది. కనురెప్ప అదరడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. శబ్దం టపాకాయదా, తలుపుదా, రాక్షసిదా అని తేల్చుకునే విచారణ ఆ తర్వాతే మొదలవుతుంది. అందుకే ఎంత ధైర్యస్తుడైనా ఉలిక్కిపడతాడు, అది టపాకాయేనని తేలగానే సిగ్గుపడి నవ్వుతాడు.

గుబులు తీరు వేరు. ఎదుట ఏమీ లేదు, ఏదో ఉండొచ్చు. ఇది నిమిషాలూ గంటలూ సాగుతుంది. ఉలికిపాటు మీద జీవితకాలం పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త మైకేల్ డేవిస్, ఎదుట ఉన్న ముప్పుకు మెదడులోని అమిగ్డలా అనే భాగం, ఎప్పుడొస్తుందో తెలియని ముప్పుకు దాని పక్కనే ఉండే మరో కణసమూహం ఎక్కువగా స్పందిస్తాయని వాదించాడు. ఆ గీత అంత నిక్కచ్చిగా లేదని తర్వాతి పరిశోధనలు అన్నాయి. మెదడులో చోటు ఏదైనా, అనుభవంలో మాత్రం రెండూ వేరని ఒక్క రాత్రి ఈ గేమ్ ఆడినవాడికి చెప్పక్కర్లేదు.

గుబులును కొలిచిన ప్రయోగం ఒకటుంది, పైగా అది కూడా కంప్యూటర్ గేమే. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆర్చీ డి బెర్కర్ బృందం 2016లో 45 మందిని కూర్చోబెట్టి తెర మీద రాళ్లు చూపించింది. ఏ రాయి కింద పాముందో ఊహించి చెప్పాలి. రాయి తిరగేసినప్పుడు పాము ఉంటే చేతికి నొప్పి పుట్టేంత కరెంటు షాకు. కొన్ని రాళ్ల కింద పాము దాదాపు ఖాయం, కొన్నింటి కింద దాదాపు ఉండదు. ఈ లెక్కను మధ్యమధ్య మారుస్తూ పోయారు. అరచేతి చెమట, కంటిపాప వెడల్పు కొలిచారు. మరి ఎవరికి ఎక్కువ చెమట పట్టాలి? షాకు తప్పదని తెలిసినప్పుడే కదా అనిపిస్తుంది. అలా జరగలేదు. షాకు తగిలే అవకాశం సరిగ్గా సగానికి సగం ఉన్నప్పుడే ఒత్తిడి తారస్థాయికి చేరింది. దెబ్బ తప్పదని తెలిసిన మనిషి, తగులుతుందో లేదో తెలియని మనిషి కన్నా నిబ్బరంగా ఉన్నాడు. తాడును చూసి పామనుకోవడం గురించి మన వేదాంతులు శతాబ్దాల తరబడి చర్చించారు. తాడో పామో తేలని ఆ మధ్య క్షణంలో అరచేతి సంగతి ఏమిటన్నది ఈ లండన్ వాళ్లు చూశారు.

ఇప్పుడు రేడియో దగ్గరికి వద్దాం. ముందే హెచ్చరిస్తే భయం తగ్గాలి కదా? మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో సినిమా పాఠాలు చెప్పే బెర్నార్డ్ పెరాన్ 2004లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక పత్రం రాశాడు, తర్వాత సైలెంట్ హిల్ మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఆయన మాట ఏమిటంటే, హఠాత్తుగా ఎగిరిపడేలా చేయడం తేలికపని, ముందుగా చెప్పి భయపెట్టడంలోనే అసలు నేర్పు ఉంది. రేడియో సగం సమాచారం ఇస్తుంది. మిగతా సగం ఆడేవాడు తన బుర్రలోంచి తీసి పెట్టుకోవాలి. అంటే ఆ రేడియో మనల్ని రాళ్ల ప్రయోగంలో ఉన్న ఆ సగంసగం చోటికి తెచ్చి నిలబెడుతుంది. కావాలంటే రేడియోను ఆపేసుకునే వీలు గేమ్‌లోనే ఉంది. మా వాడు ఆపేశాడు. మూడు నిమిషాల్లో మళ్లీ పెట్టుకున్నాడు.

టార్చిలైటుతోనూ ఇలాంటి బేరమే. హ్యారీ దాన్ని ఛాతీకి తగిలించుకుంటాడు. వెలిగిస్తే దారి కనిపిస్తుంది, మనమూ ఆ జంతువులకు కనిపిస్తాం. ఆర్పితే అవి అంత తేలిగ్గా పసిగట్టవు, కానీ చీకట్లో మ్యాప్ కూడా చదవలేం. ఈ చీకటి సంగతి కూడా ప్రయోగశాలలో తేల్చారు. 1997లో క్రిస్టియన్ గ్రిలన్, డేవిస్ తదితరులు మనుషులకు వెలుతురులోనూ చీకట్లోనూ ఒకే రకం శబ్దం వినిపించి చూస్తే, చీకట్లో ఉలికిపాటు ఎక్కువైంది. అదే ఏడు డేవిస్ ఎలుకల మీద చేసిన పనిలో ఫలితం తిరగబడింది. ఎలుకలు గట్టి వెలుతురులో ఎక్కువ ఉలిక్కిపడ్డాయి. ఎలుక రాత్రి తిరిగే జీవి, దానికి వెలుతురే ప్రమాదం. మనం కళ్లను నమ్ముకుని బతికే పగటి జంతువులం. ఎలుకలకు గేమ్ తయారుచేస్తే ఊరంతా ఫ్లడ్‌లైట్లు పెట్టాలన్నమాట.

ఇంతకీ ఆ మంచు ఎక్కడిది? భయపెట్టడానికి పట్టించిందే, కానీ మొదటి కారణం దరిద్రం. అప్పటి ప్లేస్టేషన్ ప్రధాన మెమరీ 2 మెగాబైట్లు. ఇవాళ ఫోన్‌తో తీసే మామూలు ఫొటో ఒక్కటి చాలాసార్లు అంతకన్నా పెద్దది. మూడేళ్ల ముందు వచ్చిన 'రెసిడెంట్ ఈవిల్' ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి ముందే గీసిపెట్టిన బొమ్మలను వెనక తెరలా వాడుకుంది. సైలెంట్ హిల్ వాళ్లు అలా కాకుండా, మనిషితో పాటు కెమెరా కదిలేలా వీధులకు వీధులు నిజంగా మూడు కొలతల్లో కట్టారు. అంత ఊరిని ఒక్కసారి గీయడం ఆ యంత్రం వల్ల కాదు. అందుకని నాలుగడుగుల అవతల అంతా మంచుతో, రాత్రయితే చీకటితో కప్పేశారు. మనిషి ముందుకు నడిస్తే ముందున్న ముక్కను గీస్తుంది, వెనక ముక్కను పారేస్తుంది. యంత్రం చేతకానితనం, గుబులు పుట్టే తీరు ఒకదానికొకటి అతికినట్టు సరిపోయాయి.

ఈ మంచు ఆడినవాళ్లకు ఎంత ముఖ్యమో పదమూడేళ్ల తర్వాత తెలిసొచ్చింది. రెండో భాగం 2001లో వచ్చింది. చనిపోయిన భార్య నుంచి ఉత్తరం అందుకుని జేమ్స్ సండర్లాండ్ అనే మనిషి అదే ఊరికి వస్తాడు. ఈ రెండో భాగాన్నీ, మూడోదాన్నీ కలిపి 2012లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 యంత్రాల మీద స్పష్టమైన బొమ్మతో మళ్లీ విడుదల చేశారు. పాత గేమ్‌ల తుది కోడ్ కొనామీ దగ్గర భద్రంగా లేదు. దొరికిన అసంపూర్తి కోడ్‌తోనే పని కానిచ్చారు. ఫలితంగా రెండో భాగంలో మంచు పలచబడింది. ఎన్నడూ ఎవరూ చూడకూడని అంచులు బయటపడ్డాయి. సరస్సు నీళ్లు ఒకచోట బల్ల అంచులా తెగిపోయి కనిపించాయి. అభిమానులు మండిపడ్డారు. బొమ్మ ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది, దారి దూరం దాకా తెలుస్తోంది, అయినా ఊరు చచ్చిపోయిందన్నారు. వాళ్ల కోపం పాతదాని మీద మమకారమని కొందరు కొట్టిపారేశారు గానీ, నాకైతే అది ఒక ప్రయోగంలా అనిపిస్తుంది. అదే కథ, అవే జంతువులు, అదే సంగీతం. అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు మారింది మంచే.

2024 అక్టోబరులో పోలెండ్‌కు చెందిన బ్లూబర్ టీమ్ రెండో భాగాన్ని మొత్తం తిరగరాసి తెచ్చింది. ఇప్పటి యంత్రాలకు ఊరంతా చూపించే శక్తి ఉంది. ఒకప్పుడు గీసే శ్రమను ఆదా చేసిన మంచు, ఇప్పుడు వెలుతురుతో కలిపి లెక్కకట్టి గీయాల్సిన అదనపు శ్రమ. అయినా దాన్ని తీసేసే సాహసం వాళ్లు చేయలేదు.

శరీరం గురించి ఒక మాట. హ్యారీ సైనికుడు కాడు, రచయిత. కాసేపు పరిగెడితే ఆయాసపడతాడు, తుపాకీ గురి అంతంతమాత్రం, పరిగెత్తుకుంటూ పోయి గోడకు తగిలితే చేతులు అడ్డం పెట్టుకుంటాడు. గాయాలతో ఒళ్లు నీరసించినప్పుడు ఆడేవాడి చేతిలోని కంట్రోలర్ గుండె చప్పుడులా కొట్టుకుంటుంది. ఇది నిజంగా పనిచేస్తుందా? 1966లో స్టువర్ట్ వాలిన్స్ అనే మనస్తత్వవేత్త కాలేజీ కుర్రాళ్లకు అమ్మాయిల ఫొటోలు చూపిస్తూ, వాళ్ల సొంత గుండె చప్పుడేనని చెప్పి దొంగ చప్పుడు వినిపించాడు. ఏ ఫొటో దగ్గర చప్పుడు మారిందో ఆ అమ్మాయే బాగుందన్నారు. అది అందం గురించి చేసిన పని, భయం గురించి కాదు. కాకపోతే మన గుండె ఏమంటోందో బయటినుంచి ఎవరైనా చెబితే నమ్మేస్తామన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

ఇంత గుబులు డబ్బిచ్చి కొనుక్కోవడమెందుకని మా అక్క అడుగుతుంది. డెన్మార్క్‌లో ఆర్హూస్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనికి జవాబు వెతుకుతూ 110 మందికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి దెయ్యాల కొంప లాంటి ఒక వినోదశాలలోకి పంపారు. మార్క్ మాల్మ్‌డోర్ఫ్ ఆండర్సన్ తదితరులు 2020లో ప్రకటించిన ఫలితం ఇది: భయం పెరిగేకొద్దీ ఆనందం కొంతదూరం పెరిగింది, ఆ గట్టు దాటాక పడిపోయింది. మరీ భయం లేకపోతే విసుగు, మరీ ఎక్కువైతే నరకం. ఆ గట్టు ఒక్కొక్కరికి ఒక్కోచోట ఉంటుంది. అంతకుముందు అదే విశ్వవిద్యాలయానికి చెందిన మథియాస్ క్లాసన్ బృందం సందర్శకులను రెండు దారుల్లో ఒకటి ఎంచుకోమంది. భయాన్ని వీలైనంత పెంచుకోవడం ఒకటి, వీలైనంత అణచుకోవడం ఇంకొకటి. బయటికొచ్చాక రెండు జట్లూ దాదాపు సమానంగానే తృప్తిపడ్డాయి. దీపాలార్పి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడేవాళ్లూ, పట్టపగలు నలుగురి మధ్య సౌండు తగ్గించుకుని ఆడేవాళ్లూ ఇద్దరూ ఇందులో కనిపిస్తారు. రెండో రకాన్ని పిరికివాళ్లని ఎగతాళి చేయడం తప్పు. తమ గట్టు ఎక్కడుందో వాళ్లకు బాగా తెలుసు.

చివరిగా రెండో భాగంలోని ఒక చమత్కారం. గేమ్ ఆడేవాడు తెరను చూస్తున్నంతసేపూ గేమ్ కూడా ఆడేవాణ్ని చూస్తుంటుంది. గాయపడ్డాక వెంటనే మందు వాడాడా, ఒంటి మీద దెబ్బలతోనే తిరిగాడా, దారిలో దొరికిన ఒక కత్తిని సంచిలోంచి తీసి పరిశీలించాడా, ఇవన్నీ లోపల లెక్కలో పడతాయి. ఆ సంగతి ఎక్కడా చెప్పదు. దాన్నిబట్టే జేమ్స్ కథ ఎలా ముగియాలో తేలుతుంది. దెబ్బలతో తిరుగుతూ, కత్తి వైపు చూసేవాడికి బతుకు మీద ఆశ లేదని గేమ్ అర్థం చేసుకుని, కథను అలాగే ముగిస్తుంది.

మా మేనల్లుడికి ఆ ముగింపే వచ్చింది. తెల్లవారుజామున నాలుగింటికి నన్ను లేపి, "నేనేం తప్పు చేశాను మావయ్యా?" అన్నాడు. కత్తిని ఎన్నిసార్లు తీసి చూశావురా అని అడిగాను. కాసేపు ఆలోచించాడు.

"ఊరికే చూశాను" అన్నాడు.