పేరు ఒకరిది.. విమానం మరొకరిది
అమెరికా ఆకాశంలో ‘అద్దె’ ప్రయాణం
50 ప్రాణాలు పోయాక మారిన నిబంధనలు

మన పల్లెల్లో ఆర్టీసీ అద్దె బస్సు ఎక్కనివారు అరుదు. బస్సుకు ఆర్టీసీ రంగులే ఉంటాయి. టిక్కెట్ల సొమ్ము ఆర్టీసీకే చేరుతుంది. బస్సు మాత్రం వేరొకరిది. డ్రైవరుకు జీతమిచ్చేదీ ఆ యజమానే. కిలోమీటరుకు ఇంత చొప్పున సంస్థ ఆయనకు చెల్లిస్తుంది. అమెరికా విమానయానంలోనూ ఇటువంటి ఏర్పాటే దశాబ్దాలుగా సాగుతోంది. పిల్లలను ఉన్నత చదువులకు అక్కడికి పంపుతున్న తల్లిదండ్రులు దీనిని తెలుసుకోవడం అవసరం.

ఒప్పందం ఇదీ..

యునైటెడ్, డెల్టా, అమెరికన్ సంస్థలు మహానగరాల మధ్య పెద్ద విమానాలను స్వయంగా నడుపుతాయి. షికాగో, డల్లాస్, అట్లాంటా వంటి కేంద్రాల నుంచి చిన్న పట్టణాలకు 50 నుంచి 76 సీట్ల విమానాలు నడిపే పనిని ప్రాంతీయ సంస్థలకు అప్పగిస్తాయి. విమానంపై ‘యునైటెడ్ ఎక్స్‌ప్రెస్’, ‘డెల్టా కనెక్షన్’, ‘అమెరికన్ ఈగిల్’ అనే పేర్లు కనిపిస్తాయి. లోపలి పైలట్లు, సిబ్బంది మాత్రం ప్రాంతీయ సంస్థ ఉద్యోగులు. స్కైవెస్ట్ అనే ఒక్క సంస్థే ఈ మూడింటికీ, అలాస్కా ఎయిర్‌లైన్స్‌కూ విమానాలు నడుపుతోంది.

వేళలు, ఛార్జీలు నిర్ణయించేది పెద్ద సంస్థే. చాలా ఒప్పందాలలో ఇంధన వ్యయమూ దానిదే. సీట్లు నిండినా నిండకపోయినా ప్రాంతీయ సంస్థకు కుదిరిన రుసుము అందుతుంది. లాభం మిగలాలంటే అది సొంత ఖర్చులు తగ్గించుకోవాలి. ఆ ఖర్చుల్లో సిబ్బంది జీతాలది పెద్ద వాటా. తమ పని తక్కువ జీతాల వారికి తరలిపోతుందని గ్రహించిన పెద్ద సంస్థల పైలట్లు, ప్రాంతీయ విమానాల్లో 76 సీట్లు మించరాదని యాజమాన్యాలతో ఒప్పందాలు చేసుకున్నారు.

ఆ రాత్రి ఏం జరిగింది?

2009 ఫిబ్రవరి 12 రాత్రి నెవార్క్ నుంచి బఫెలోకు బయలుదేరిన విమానం, గమ్యానికి కొద్ది మైళ్ల దూరంలో ఒక ఇంటిపై కూలింది. విమానంలోని 49 మంది, ఇంట్లోని ఒకరు మరణించారు. టిక్కెట్లు అమ్మినది కాంటినెంటల్. నడిపినది కోల్గన్ ఎయిర్ అనే ప్రాంతీయ సంస్థ.

వేగం ప్రమాదకరంగా తగ్గిందని విమానం హెచ్చరించినప్పుడు ముక్కును కిందికి దించవలసి ఉండగా కెప్టెన్ పైకి లాగారని జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. కెప్టెన్ ముందు రాత్రి విమానాశ్రయంలోని సిబ్బంది గదిలోనే గడిపారు. సహ పైలట్ సియాటిల్ నుంచి రాత్రంతా ప్రయాణించి విధులకు చేరుకున్నారు. పైలట్ల శిక్షణ, అలసటతో పాటు సహ పైలట్ స్వల్ప జీతం కూడా బహిరంగ విచారణలో చర్చకు వచ్చింది.

కుటుంబాల పోరాటం

ఆత్మీయులను పోగొట్టుకున్నవారు ఇంట్లో కూర్చుని విలపించలేదు. పదేపదే వాషింగ్టన్ వెళ్లి చట్టసభ సభ్యులను కలిశారు. ఫలితంగా 2010 ఆగస్టులో విమాన భద్రతా చట్టం వచ్చింది. అంతకుముందు 250 గంటల అనుభవంతో సహ పైలట్ కాగలిగేవారు. 2013 నుంచి దానిని 1,500 గంటలకు పెంచారు. సైనిక, విశ్వవిద్యాలయ శిక్షణ పొందినవారికి కొంత సడలింపు ఉంది. పైలట్ల విశ్రాంతి నిబంధనలనూ కట్టుదిట్టం చేశారు. టిక్కెట్లు అమ్మే వెబ్‌సైట్లు విమానం నడిపే సంస్థ పేరును తొలి తెరపైనే చూపాలన్నది మరో షరతు.

తరువాతి కాలంలో పైలట్ల కొరత తలెత్తింది. 2022లో ప్రాంతీయ సంస్థలు జీతాలను భారీగా పెంచక తప్పలేదు. మరోవైపు కొన్ని చిన్న పట్టణాలు విమాన సర్వీసులను కోల్పోయాయి. చవక ప్రయాణం వెనుక ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉన్నారు.

ఒక్క వరుస చదవండి

ప్రాంతీయ విమానమంటే భయపడనక్కరలేదు. పెద్ద సంస్థలకు వర్తించే భద్రతా నిబంధనలే వాటికీ వర్తిస్తాయి. అయితే టిక్కెట్టుపై ‘ఆపరేటెడ్ బై’ అన్న వరుసను తప్పక చూడాలి. విమానాన్ని నడిపేది ఎవరో అక్కడ ఉంటుంది. ఆ వివరాన్ని పిల్లలతో పాటు ఇంట్లోనూ రాసి ఉంచుకోవడం మేలు. చిన్న అక్షరాల్లో కనిపించే ఆ వరుసను తొలి తెరపైకి తెప్పించేందుకు 50 కుటుంబాల కన్నీరు అవసరమైంది. డబ్బు చెల్లించిన ప్రయాణికునికి తన ప్రాణం ఎవరి చేతిలో ఉందో తెలుసుకొనే హక్కు ఉంది.