‘నొటోరియస్’: కథ గొప్పదా, చెప్పిన తీరు గొప్పదా?

పాత ఇంగ్లీషు సినిమాల మాట వస్తే మా సంఘంలో ఒక వాదన తప్పదు. హిచ్‌కాక్ సినిమాల్లో స్టైలే తప్ప కథ ఉండదని కొందరంటారు. ఆ మాటలో నిజమెంతో చూడటానికి ఆయన 1946లో తీసిన ‘నొటోరియస్’ మంచి ఉదాహరణ. ప్రేమకథ, గూఢచారి కథ కలిసిన నలుపు తెలుపు చిత్రం ఇది. ముగింపు కూడా చెబుతున్నాం, చూడనివారు గమనించగలరు.

అలీషియా (ఇంగ్రిడ్ బెర్గ్‌మన్) అమెరికాలో దేశద్రోహం కింద శిక్షపడ్డ నాజీ ఏజెంటు కూతురు. అమెరికా గూఢచారి డెవ్లిన్ (కేరీ గ్రాంట్) ఆమెను ఒక పని మీద రియో డి జనీరో తీసుకెళతాడు. ఇద్దరూ ప్రేమించుకుంటారు. అంతలో పైనుంచి ఆదేశం వస్తుంది: తండ్రి పాత స్నేహితుడు, నాజీ ముఠా మనిషి సెబాస్టియన్‌కు (క్లాడ్ రెయిన్స్) ఆమె దగ్గరై రహస్యాలు రాబట్టాలి. అది చివరికి అతణ్ణి పెళ్లాడేదాకా వెళుతుంది. డెవ్లిన్ ‘వద్దు’ అంటే ఆమె ఆగిపోయేది. పై అధికారుల ముందు ఆమె తరఫున మాట్లాడినవాడు, ఆమెతో మాత్రం ఆ ఒక్క మాట అనడు.

అసలు కథ ఇదే. సెబాస్టియన్ వైన్ సీసాల్లో దాచిన యురేనియం ఖనిజం ఒక సాకు. ఇలాంటి సాకును హిచ్‌కాక్ ‘మెక్‌గఫిన్’ అనేవారు. యురేనియం నచ్చకపోతే వజ్రాలు పెట్టుకుందామని నిర్మాతతో అన్నానని ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోకు ఆయనే చెప్పారు. అందుకే గూఢచారి కథగా లెక్క చూస్తే లొసుగులు కనిపిస్తాయి. అంత ప్రమాదకరమైన సరుకును విందులకు సీసాలు తీసే గదిలోనే ఎవరైనా దాస్తారా? రియో దృశ్యాల్లో కూడా నటుల వెనక తెర మీద ఆడుతున్న బొమ్మ ఇప్పటి కంటికి తెలిసిపోతుంది.

ఇక చెప్పిన తీరు చూద్దాం. విందు దృశ్యంలో కెమెరా పై అంతస్తు నుంచి మొదలై, అతిథుల మీదుగా మెల్లగా దిగి, అలీషియా పిడికిట్లో ఉన్న తాళంచెవి దగ్గర ఆగుతుంది. అది భర్త దగ్గర దొంగిలించిన చెవి. అంత సందడిలో ప్రాణాపాయం ఎక్కడుందో ఒక్క మాట లేకుండా తెలిసిపోతుంది. ఆ తర్వాత మంచులో పెట్టిన షాంపేన్ సీసాలు ఒక్కొక్కటే తగ్గుతుంటాయి. అవి అయిపోతే సెబాస్టియన్ కింది గదికి వస్తాడు. ఇక్కడ ఆ సీసాలే గడియారం.

ముద్దు దృశ్యమూ అంతే. అప్పటి హాలీవుడ్ కట్టుబాట్లు పొడుగు ముద్దును ఒప్పుకునేవి కావు. హిచ్‌కాక్ దాన్ని చిన్న చిన్న ముద్దులుగా విడగొట్టి, మధ్యలో భోజనం కబుర్లు, ఫోన్ కాల్ పెట్టి, రెండున్నర నిమిషాలు నడిపించారు. కట్టుబాటును దాటడానికి వేసిన ఎత్తే, ఇద్దరూ విడిపోలేకపోతున్నారన్న సంగతిని చెప్పింది. ఆ వెంటనే డెవ్లిన్ రాత్రి భోజనానికని కొన్న షాంపేన్ సీసాను అధికారి గదిలో మరచిపోతాడు. ఆదేశం విన్నాక అతని మనసు ఏమైందో చెప్పడానికి డైలాగు అక్కర్లేకపోయింది.

చివర్లో, విషం కలిపిన కాఫీతో నీరసించిన అలీషియాను డెవ్లిన్ మెట్ల మీదుగా కిందికి నడిపిస్తాడు. కింద ముఠావాళ్లు చూస్తుంటారు. భార్య గూఢచారి అని బయటపడితే తనను బతకనివ్వరని సెబాస్టియన్‌కు తెలుసు. అందుకే నోరు మూసుకుని వాళ్లతో పాటే దిగుతాడు. పోట్లాట లేదు, తుపాకీ మోత లేదు. కారు వెళ్లిపోయాక అతణ్ణి లోపలికి పిలుస్తారు, వెనకే తలుపు మూసుకుంటుంది. ఆమెను నిజంగా ప్రేమించినవాడే కాబట్టి, దుష్టుడైనా మనకు జాలి కలుగుతుంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది: ఈ సినిమాలో స్టైల్ కథను మింగెయ్యలేదు. నోరు విప్పని ప్రేమికుడి కథ ఇది, అతను దాచిన మాటలన్నీ కెమెరా చెప్పింది. ఇంగ్లీషు సగమే అర్థమైనా మార్నింగ్ షోలకు వెళ్లిన మన తరానికి ఇది కొత్త సంగతి కాదు. అనుమానముంటే విందు దృశ్యాన్ని ఒకసారి సౌండు తీసేసి చూడండి.